కాచిన తల్లిపాలు

పాల విషయంలో బిక్షమ్మకు ఎదురు చెప్పే మొనగాడు జడ్చర్ల పక్కనున్న ఆ ఊళ్లో పుట్టలేదు. పెద్దోళ్ల బర్రెల కొట్టంలో పేడ తీస్తూ బతుకు వెళ్లదీసిన మనిషి. పచ్చి బర్రెపాలు తాగడం వల్లే చిన్నకొడుకు విరేచనాలతో పోయాడని ఆమె నమ్మకం. అప్పటి నుంచి ఆ ఇంట్లో కాగని పాలు ఏ పిల్ల నోటికీ చేరలేదు.

కోడలు ఎస్తేరుది మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. తెలంగాణ వచ్చాక ఊరి పక్కనే లేచిన కంపెనీ. పర్మినెంటు కానివాళ్లకు కాన్పు సెలవా, పాడా! పచ్చి బాలింతగానే పనికెక్కింది. బస్సు వచ్చేలోగా పాలు పిండి గిన్నెలో పెట్టి, బిడ్డను అత్త ఒళ్లో వేసి పోయేది. సీసాకు మరిగిన పిల్ల కొన్నాళ్లకు రొమ్ము పట్టడమే మానేసింది.

బిక్షమ్మ ఆ పాలను పొంగు వచ్చేదాకా కాచి, చల్లార్చి పట్టేది. కోడలికి చెప్పలేదు. పాలు కాచడం కూడా ఒక వార్తేనా?

పిల్లకు ఒకసారి దగ్గు, ఒకసారి విరేచనాలు. చివరికి జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. పాలమూరు దవాఖానాలో నర్సు రోజారమణి పాల సంగతి అడిగింది.

"కాగవెట్టకుంట ఒక్క సుక్క తాపలే బిడ్డా," గొప్పగా చెప్పింది బిక్షమ్మ.

నర్సు ముఖం మారిపోయింది. "అయ్యో అవ్వా! తల్లిపాలు కాగవెట్టద్దు. అండ్ల తల్లి ఒంట్లకెల్లి వచ్చిన కణాలు పానంతోని ఉంటయి. అవి పిల్ల ఒంట్లకు వోయి రోగంతోని కొట్లాడుడు నేర్పుతయి. కాగితే సచ్చిపోతయి."

"గందుకేనా, పిల్లకు గిట్లయింది?"

"గదొక్కటే అని చెప్పలేం అవ్వా."

ఆ ఓదార్పు బిక్షమ్మకు ఎక్కలేదు. ఎస్తేరు అంతా విన్నది. గిన్నె అందుకుని, పాలు పిండడానికి పక్కకు తిరిగింది. జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండేదని ఏడ్చింది ముసల్ది.

పిండిన పాలు పిండినట్టే గొట్టంతో పట్టారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆదివారం పొద్దున పిల్ల ప్రాణం పోయింది.

మట్టి చేసి ఇంటికొచ్చాక, తడిసిన రవికెను చేత్తో అదుముకుంటూ ఎస్తేరు గోడకు ఆనుకుంది.

"అత్తమ్మా, పాలు ఆగుతలేవు. ఏం జెయ్యాలె?"

అలవాటుగా గిన్నె తేవడానికి లేచిన బిక్షమ్మ, లేచిన చోటే కూలబడింది.