ఎత్తని చెయ్యి

నిన్న ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే ఇక్కడి సింగపూరు రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాలికి ఆకుపచ్చ నూనె రాసుకుంది. పుదీనా, కర్పూరం కలిసిన ఆ ఘాటుకి ఎదుటివాళ్ళు ముఖం చిట్లించారు. నేను మాత్రం అలాగే కూర్చుండిపోయాను; దిగాల్సిన చోవా చూ కాంగ్ స్టేషను కూడా దాటిపోయింది. భాస్కరరావు గారి చేతులకి ఎప్పుడూ అదే వాసన. ఆయన మా చిన్న కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు, సాయంత్రాలు బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉండేవారు. మాలో ఎవరి చీలమండ బెణికినా తానే కింద కూర్చుని ఆ నూనె పట్టించేవారు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

ఒంగోలు నుంచి డిప్లొమాకి వచ్చిన కొత్తల్లో నేను ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. వచ్చీరాని ఇంగ్లీషు, దానికి తోడు తాటిచెట్టంత మనిషిని. ఒకరోజు ల్యాబ్ బయట నన్ను ఆపి, తన విజయనగరం యాసలో, "ఏటి బాబూ, ఈ ఎత్తంతా ఏటి సేసుకుంటావు? బూజులు దులుపుతావా?" అన్నారు. బంతి పట్టుకోవడమే రాదన్నాను. "నీ ఆట సూసి కాదు, ఎత్తు సూసి పిలుస్తన్నాను. రేపు బూట్లేసుకుని రా" అన్నారు. రెండేళ్ళలో ఆట వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది, నలుగురిలో నిలబడి నోరు విప్పే ధైర్యం వచ్చింది. ఇవాళ బ్యాంకులో నా కింద పదిమంది పనిచేస్తున్నారంటే ఆ పునాది ఆయన వేసిందే.

ఆయన జట్టులో ఒక నియమం ఉండేది. ఈల మోగిందా, తప్పు చేసినవాడు తనంతట తానే చెయ్యి ఎత్తాలి. పాతకాలంలో అందరూ అలా చేసేవారట; మా రోజులకే ఆ అలవాటు పోయింది. "రిఫరీ ఎతుక్కోకూడదు. నీ తప్పు నువ్వే సూపించు" అనేవారు. ఓసారి ప్రాక్టీసులో మాతో పాటు ఆడుతుంటే ఆయన మోచెయ్యి వెయ్ మింగ్ ముక్కుకి తగిలింది. వెయ్ మింగ్ ఊళ్ళోనే సెరంగూన్ నుంచి వచ్చే చైనీస్ కుర్రాడు, మా అందరికంటే బాగా ఆడేవాడు, నాకు ప్రాణస్నేహితుడు. ముక్కు నుంచి బొటబొటా రక్తం. ఈల ఊదేవాడే లేడు, అయినా కోచ్ ముందు చెయ్యెత్తి, ఆ తరవాత ఐసు కోసం పరిగెత్తారు. మేం పగలబడి నవ్వాం. "ఏటా నవ్వు? నియమం నాక్కూడా" అని కసిరారు.

పెద్ద విశ్వవిద్యాలయాల ముందు మా పప్పులుడకవు. అందుకే చిన్న కాలేజీలకి విడిగా జరిగే పురుషుల జాతీయ ఛాంపియన్‌షిప్పే మాకు ప్రపంచకప్పు. ఎనిమిదిమందిమే ఉన్న జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. మొదటిసారి సింగపూరు చూడ్డానికొచ్చిన మా నాన్న గ్యాలరీలో కూర్చున్నాడు. ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు ముందున్నాం. నాకు నాలుగు ఫౌళ్ళు, వెయ్ మింగ్‌కీ నాలుగు. ఐదోది ఎవరికి పడితే వాళ్ళు బయటికి వెళ్ళిపోవాలి. అవతలి ఆటగాడు బుట్ట మీదికి ఎగిరాడు, అతనితో పాటు మేమిద్దరం ఎగిరాం. నా ముంజేయి అతని మణికట్టుకి ఠపీమని తగిలింది. ఈల మోగింది. మా వీపులే కనిపిస్తున్న రిఫరీ క్షణం తటపటాయించి వెయ్ మింగ్ నంబరు చూపించాడు.

"నేను కాదు" అన్నాడు వెయ్ మింగ్, నా వైపు చూస్తూ. బెంచీ దగ్గర కోచ్ లేచి నిలబడ్డారు. ఆయన కూడా నన్నే చూస్తున్నారు. నాన్న ముందు బయటికి నడవలేను, నేను ఆడుతుండగానే గెలవాలి, బుర్రలో అదొక్కటే. వంగి, బాగానే బిగించి ఉన్న బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. నా మొహానికి అంతకంటే ఏం చేతనవుతుంది! తలెత్తేసరికి వెయ్ మింగ్ వెళ్ళిపోతున్నాడు. అవతలివాళ్ళు ఆ ఫౌలుకి దొరికిన ఫ్రీ త్రోల్లో ఒకటి వేసి సమం చేశారు, ఆఖరి బుట్ట నేను వేశాను. కుర్రాళ్ళు నన్ను భుజాలకెత్తుకున్నారు. కోచ్ ఒక్కొక్కరినీ కౌగలించుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, "నీళ్ళు తాగు బాబూ" అన్నారు. అంతే.

తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఆయన ముందు నిలబడలేకపోయాను. "ఆంటీ గోంగూర సేసింది, ఆదివారం రా" అంటే ఒకసారి షిఫ్టు ఉందన్నాను, ఇంకోసారి ఒంట్లో బాలేదన్నాను. వెయ్ మింగ్‌కీ ముఖం చాటేశాను. ఉగాదికి ఆయన పెద్ద మెసేజి పెడితే దండం బొమ్మొకటి పంపి ఊరుకునేవాణ్ణి. ఇలాగే పద్నాలుగేళ్ళు గడిచాయి. జబ్బు చేసిందని తెలిశాక కూడా ఈ వారం కాదు, పై వారం వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాను. ఆ పై వారం మండాయ్ దహనవాటికకి వెళ్ళాల్సి వచ్చింది.

అక్కడ వెయ్ మింగ్ కనిపించాడు. అంత్యక్రియలయ్యాక ఇద్దరం ఒక కాఫీ కొట్లో కూర్చున్నాం. టీ ముట్టుకోకుండానే ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను: "ఆ ఐదో ఫౌలు నాది."

"అయ్యో, నా చెయ్యి తగల్లేదని నాకు తెలీదా?" అన్నాడు. "కోచ్ కూడా చూశారు. ఆ సాయంత్రమే నన్ను పక్కకి పిలిచి సారీ చెప్పారు. వాడే వచ్చి నీతో చెప్తాడు, అప్పటిదాకా నువ్వు అడగొద్దు అన్నారు."

ఏటా చైనీస్ కొత్త సంవత్సరానికి కమలాపళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవాడట. వెళ్ళిన ప్రతిసారీ ఆయన అడిగేవారట, వాడు చెప్పాడా అని. లేదని వెయ్ మింగ్ అంటే, చెప్తాడు, మంచివాడు అనేవారట.

"పోయిన వారం ఆస్పత్రిలో కూడా అడిగారు" అన్నాడు వెయ్ మింగ్, కప్పు అటూ ఇటూ తిప్పుతూ. "ఇంక ఎన్నాళ్ళో ఉండరని తెలిసిపోయింది. 'వాడు చెప్పాడు కోచ్, నాకు ఫోన్ చేసి ఏడ్చాడు' అన్నాను. ఎంత సంతోషపడ్డారో! నా చెయ్యి చాలాసేపు వదల్లేదు."

వెయ్ మింగ్ నన్ను క్షమించాడు, ఇప్పుడు నెలకోసారి కలుస్తున్నాం కూడా. కానీ కోచ్ నా గురించి విన్న ఆఖరి మంచి మాట నేను చేసిన పని కాదు. ఆయన్ని సంతోషపెట్టడానికి నా స్నేహితుడు అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఆయన అది నమ్మి వెళ్ళిపోయారు. భాస్కరరావు సర్, అప్పటికి నేను చెప్పలేదు.