కోదాడకు చక్కెర విత్తనం

పొద్దున ఆరింటికి మిర్యాలగూడలో, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సెక్కాను. వరి తప్ప మరొకటి పండించి ఎరగని ఒక దొరగారు కోదాడ దగ్గర చక్కెర కార్ఖానా పెట్టారు. ఎంత కాచినా పాకం పలుకు కట్టడం లేదట. కట్టిస్తే కెమిస్టు ఉద్యోగం ఇస్తామని కబురు చేశారు. ఏడాదిగా ఖాళీగా ఉన్నాను కనుక ఎగిరి గంతేశాను.

ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి బస్సును తోశాం. సూర్యాపేట చేరేసరికి తొమ్మిదిన్నర. చక్కెరకు కంట్రోలున్న రోజులు కదా, హోటల్లో బెల్లం చాయే దొరికింది. కోదాడ బస్సులో పక్కన కూర్చున్న మల్లయ్యది పెన్‌పహాడ్. అతని చెరుకూ ఆ కార్ఖానాకే పోయింది.

"సీసను సంటిపిల్ల లెక్క పట్టుకున్నరేంది సారూ?"

"చక్కెర విత్తనం. మెత్తగా నూరిన చక్కెరే. పాకం చిక్కబడ్డాక చిటికెడు వేస్తే, తీపంతా దాని చుట్టూ పేరుకుని పలుకవుతుంది."

"చక్కెర గూడ మొలుస్తదా?" అని బస్సంతా వినేలా నవ్వాడు.

మధ్యాహ్నం కార్ఖానా చేరాను. దొరగారు పట్టు పంచెతో సిద్ధంగా ఉన్నారు. పక్కన పంతులు.

"పాకం ఇంకా పలచగా ఉంది, వేస్తే కరిగిపోతుంది," అన్నాను.

"ముహూర్తం దాటిపోతుందండీ!" అన్నాడు పంతులు.

దొరగారు సీసా లాక్కుని, తూర్పుకు దండం పెట్టి, వడ్లు చల్లినట్టు పిడికిళ్లతో చల్లేశారు. "చిటికెడేస్తే ఏం పండుతదయ్యా?" అని నన్నే కసిరి భోజనానికి వెళ్లారు. విత్తనం నిమిషంలో కరిగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

అయినా పొయ్యి ఆర్పనివ్వలేదు. పాకం తీగసాగాక దింపించి, సీసా గోడలకు అంటిన పొడిని గీకి వేశాను. చూస్తుండగానే సన్నటి పలుకులు మెరిశాయి. ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాను.

నిద్ర లేచి వచ్చిన దొరగారు కడాయిలోకి తొంగి చూశారు. "సూసినవా ముహూర్తబలం!" అన్నారు. గీకిన పొడి సంగతి చెబితే చెవిన పెట్టలేదు. "పంతులు గడియ సూస్తడు, నేను సల్లుత. ఇగ కెమిస్టుతోని పనేముంది?"

మర్నాడు తిరుగు బస్సులో మళ్లీ మల్లయ్యే కలిశాడు, చెరుకు బాకీ కింద ఇచ్చిన చక్కెర సంచి ఒళ్లో పెట్టుకుని.

"మొలిసింది సారూ! మరి మీ నౌకరీ?"

"పంతులుకిచ్చారు."

ఈసారి నవ్వలేదు. నా ఖాళీ సీసాలో పిడికెడు చక్కెర పోశాడు.

ఆ దారిన వెళ్లే కెమిస్టులకు నా సలహా: సీసా ఇంట్లో పెట్టి, పంచాంగం పట్టుకెళ్లండి. నా సీసాలో చక్కెరంటారా, మిర్యాలగూడ వచ్చేలోపు తినేశాను.