పాలు తాగిందన్నారు నన్ను

ఆ పొద్దున పాల క్యాన్లు కడుగుతూ బర్రెను అదిలించబోతే గొంతు పెగల్లేదు. చెయ్యి పెట్టి చూసుకుంటే మెడ ముందు ఉసిరికాయంత గడ్డ, గట్టిగా. సైదాబాద్‌లో మాది పాల వ్యాపారం. చల్లనీళ్లలో చేతులు నానడం వల్ల జలుబు చేసిందనుకొని కొన్నాళ్లు ఊరుకున్నాను.

గడ్డలోకి సన్న సూది పెట్టి ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేస్తే థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. బయాప్సీ చూసి డాక్టర్, "పూర్లీ డిఫరెన్షియేటెడ్ అమ్మా, కొంచెం మొండి రకం. ఊపిరితిత్తుల్లో కూడా చిన్న మచ్చలున్నయి. రేడియో అయొడిన్ ఇద్దాం, క్యాన్సర్ కణాలు దాన్ని గుంజుకొని చస్తయి" అన్నారు. కణాలు అయొడిన్ కోసం ఆకలి మీద ఉండాలని, దానికి ముందు అయొడిన్ ఉన్న తిండి మానాలి. మామూలు ఉప్పు, గుడ్లు, చేపలు, పాలు, పెరుగు, అన్నీ బంద్. పొద్దంతా పాలు పితికి, కాచి, తోడుపెట్టి, నేను మాత్రం నల్ల చాయ్ తాగాను. వేలికంటిన మీగడ కూడా నాకలేదు.

అయినా మందు ఇచ్చాక తీసిన స్కాన్‌లో మచ్చలు అయొడిన్‌ను తీసుకోలేదు. క్యాన్సర్ మిగిలి ఉందని చూపే థైరోగ్లోబులిన్ రక్తంలో ఇంకా పెరిగింది.

మా ఆయన అక్క సుగుణ వదిన పక్కింట్లోనే ఉంటుంది. వాడలో పాలు పోసేది ఆమే. "పాలున్న ఇంట్ల నోరు ఊకుంటదా? చాటుకు తాగింది, మందు పాడైంది" అంది. పాలతోపాటు ఆ మాట కూడా ప్రతి గుమ్మంలో పోసి వచ్చింది. "నోరు కట్టుకోనిదానికి ఎన్ని మందులు పోస్తే ఏం ఫాయిదా తమ్ముడూ?" అని మా ఆయనకు నూరిపోసింది. ఒకరోజు ఆయన నా మొహం చూడకుండా, "నిజం చెప్పు, తాగినవా?" అని అడిగాడు. గుండె మండిపోయింది. రేపు నేను చస్తే, నోరు కట్టుకోక చచ్చిందంటారు! ఆ పేరుతో పోకూడదని, తాగలేదన్న మాట వదిన నోటితోనే కక్కించాలని కసి పుట్టింది.

అయొడిన్ ఎందుకు పట్టలేదో తేల్చడానికి డాక్టర్ ట్యూమర్ ముక్కకు జీన్ టెస్ట్ రాశారు. రిజల్ట్ చెప్పే రోజు మా ఆయనతోపాటు వదినను కూడా పిలిచాను. "పెద్దదానివి, నువ్వు లేకుంటే ఎట్ల వదినా?" అంటే మురిసిపోయి వచ్చింది.

"థైరాయిడ్ కణం పని అయొడిన్ గుంజుకోవడం. ఆ పని చేయించే జీన్ ఒకటుంటుంది" అన్నారు డాక్టర్. "మీ ట్యూమర్‌లో బీఆర్‌ఏఎఫ్ అనే ఇంకో జీన్‌లో మ్యుటేషన్, అంటే మార్పు, ఉంది. దానివల్ల మొదటి జీన్ ఎక్స్‌ప్రెషన్ పడిపోయింది, అది నిద్రపోయినట్టే. కణం తన పని మానేసింది."

"అంటే పాలు తాగినందుకు కాదా సార్?"

"కానే కాదమ్మా."

"మా వదినకు సరిగ్గ వినబడలే సార్. ఇంకోసారి చెప్పుండ్రి."

చెప్పారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఆమె వైపు చూసిన చూపుకు నా కడుపుమంట సగం చల్లారింది.

మర్నాడు పాలు పోయడానికి ఆమె వెంట నేనూ బయలుదేరాను. మెడ మీద కుట్ల గుర్తు కనబడేలా కొంగు తీసేశాను. మొదటి గుమ్మంలో, "డాక్టర్ ఏందో చెప్పిండు" అని గొణిగింది.

"ఏం చెప్పిండో చెప్పు వదినా. తాగిందని గట్టిగనే చెప్పినవు గద!"

"మా మరదలు పాలు తాగలే" అంది. ఆమె పాలు పోసే ప్రతి ఇంట్లోనూ అనిపించాను. జాలి పడలేదు.

తర్వాత ఆ మ్యుటేషన్‌ను అణిచే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలు మొదలుపెట్టారు. "కణాలకు మళ్లీ అయొడిన్ ఆకలి పుట్టాలి. దీన్ని రీడిఫరెన్షియేషన్ అంటారు. అందరికీ పనిచేయదు" అని ముందే చెప్పారు. జ్వరం, వణుకు, ఒళ్లంతా దద్దుర్లు. కొన్ని వారాలకు స్కాన్‌లో మచ్చలు అయొడిన్ పట్టుకొని వెలిగాయి. మళ్లీ రేడియో అయొడిన్ ఇచ్చినప్పుడు, రేడియేషన్ వల్ల ఎవరినీ రానివ్వని ఒంటరి గదిలో కూర్చొని, "తిను, కడుపునిండా తిని చావు" అని క్యాన్సర్‌ను తిట్టాను.

ఇప్పుడు మచ్చలు చిన్నవయ్యాయి. పూర్తిగా పోలేదు. మొన్న వదిన, "ఇంకెన్ని దినాలు ఈ కోపం?" అంది.

"చెకప్‌లు బంద్ అయ్యేదాక."

"అవి బతికినన్ని దినాలు ఉంటయన్నరు గద!"

"అవును" అన్నాను.

మీకూ అయొడిన్ పనిచేయలేదంటే, జీన్ టెస్ట్ సంగతి డాక్టర్‌ను అడగండి. వెళ్లేటప్పుడు మిమ్మల్ని తప్పుపట్టిన మనిషిని వెంట తీసుకెళ్లి, డాక్టర్‌కు ఎదురుగా కూర్చోబెట్టండి.