రెండు కార్డుల్లోనూ లేని తల్లి

కొల్లేటి లంకలో నేను పదకొండేళ్లు బడిపంతులుగా పనిచేశాను. రిటైరై వట్లూరులో ఉంటున్నా, ఆ లంకవాళ్లు దరఖాస్తులు రాయించుకోవడానికి ఇప్పటికీ వస్తారు. ఎవరికి ఏ రోజు ఏం రాశానో డైరీలో ఉంటుంది.

లంకలో ఇల్లు కట్టుకోవడానికి మెరక దొరకదు. చుట్టూ నీళ్లు, చేపల చెరువులు. నా దగ్గర చదువుకున్న అన్నదమ్ములిద్దరు ఒకే గదిలో, మధ్యన చీర అడ్డంగా కట్టుకుని, పెళ్లాం పిల్లలతో ఉంటున్నారు. తల్లి వసారాలో పడుకుంటుంది. పొయ్యిలు మాత్రం రెండు. ఆవిడ భోజనం ఒక నెల పెద్దవాడి వంతు, ఒక నెల చిన్నవాడి వంతు.

కార్డుకొక ఇంటిస్థలం ఇస్తారని విని, రేషన్ కార్డు విడగొట్టుకోమని చెప్పింది నేనే. పెద్దవాడు నెలాఖరున వచ్చాడు. "రేపట్నుంచి అమ్మ తమ్ముడి వంతండి" అన్నాడు. అతని దరఖాస్తులో ఆవిడ పేరు రాయలేదు. చిన్నవాడు చెరువులో చేపల పట్టుబడి పనిలో చిక్కుకుని, తన వంతు అయిపోయాక వచ్చాడు. "అమ్మ ఇప్పుడు అన్నయ్య దగ్గర తింటందండి" అన్నాడు. అప్పుడూ రాయలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. డైరీలో ఆ రెండు పేజీలూ నా చేతిరాతే, పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఎందుకు తోచలేదో అర్థం కాదు.

కార్డులు రెండొచ్చాయి. స్థలాలు రాలేదు. ఆవిడ బియ్యం ఆగిపోయాయి.

పోయిన వారం, కార్డులో పేరు చేర్చే ఫారం పట్టుకుని లంకకి వెళ్లాను. ఆవిడ వసారాలో వల బాగుచేస్తోంది.

"భోజనం సరిగ్గా పెడుతున్నారామ్మా?"

"పెడతన్నారండి. గరిటె కొంచెం చిన్నదయ్యింది, అంతే."

"ఎవరి కార్డులో చేర్చమంటారు?"

లోపల్నుంచి చిన్న కోడలు అందుకుంది. "మా దాంట్లో రాయండి మేస్టారండి."

"అయితే ఇంక మా వంతు లేనట్టే కదా" అంది చీర అవతల నుంచి పెద్ద కోడలు. "బియ్యం అక్కడికెళ్తే మనిషీ అక్కడే."

ఆవిడ నవ్వింది. "బియ్యం అనేతలికి నా మీద ఎంత ప్రేమో చూశారా మేస్టారండి. రెండిట్లోనూ రాయకూడదా?"

"కుదరదమ్మా."

"నేను రెండిళ్లలోనూ తింటన్నాను కదండీ."

ఒక కార్డులో రాస్తే బియ్యం వస్తాయి, ఇంకో కొడుకు వంతు పోతుంది. రాయకపోతే ఆ గరిటె ఇంకా చిన్నదవుతుంది.

ఆవిడ చేతులు కడుక్కుని, ఫారం కింద వేలిముద్ర వేసి నాకిచ్చేసింది. "మీరు ఏది మంచిదనుకుంటే అది రాయండి."

నాలుగు రోజులుగా ఆ ఫారం నా బల్ల మీదే ఉంది. ఏ కొడుకు పేరు రాయాలో నాకు తెలియడం లేదు.