యారాడ కొండెక్కిన వెన్నెముక

మా చెల్లెలు సరోజ యారాడ బడిలో టీచరు. నాలుగు కాళ్ల జంతువుల నుంచి మనిషి రెండు కాళ్ల మీదికి ఎలా లేచాడో పాఠం చెప్పిందట. "మా తాతలు కోతులా?" అంటూ ఊరి పెద్ద అప్పన్న ఆడపిల్లల చేత బడి మాన్పించాడు. పాఠం అబద్ధమని అందరి ముందూ ఆమె ఒప్పుకుంటేనే పంపుతాడట. ఒప్పుకోవడమా! ఆ కబురుకి నా ఒళ్లు మండింది. తెలిసిన డాక్టరు దగ్గర ప్లాస్టరు వెన్నెముక బొమ్మ అడిగి తెచ్చి, దుప్పట్లో చుట్టి, ఎలమంచిలిలో ఉదయం ఆరింటి పాసింజరెక్కాను. అది ఎనభై నాలుగు డిసెంబరు.

విశాఖలో దిగి సింధియా వైపు సిటీ బస్సు పట్టుకున్నాను. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి ఇనుము మోసే లారీల వెనక బస్సు ఈడ్చుకుంటూ పోయింది. దుప్పట్లోంచి ఎముకలు బయటపడ్డాయి.

"ఏటి బావూ అది, పామా?" అన్నాడు కండక్టరు.

"వెన్నెముక."

"ఎవులిది?"

"నీదీ నాదీ!"

"నాది నా కాడే ఉందిలే. దీనికి లగేజీ తియ్యి" అని అర్ధరూపాయి పుచ్చుకున్నాడు.

సింధియాలో దిగాక యారాడకి కొండ మీదుగా నడకే. చేపల గంపలు తల మీద పెట్టుకుని, చెయ్యైనా ఆనించకుండా, యారాడ ఆడవాళ్లు ఎదురొస్తున్నారు. నేను మాత్రం బొమ్మని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, వాదనలకి పదును పెట్టుకుంటూ రొప్పుతున్నాను.

సాయంత్రం బడి ముందు ఊరంతా చేరింది. మూఢత్వం మీద గట్టిగా అందుకున్నాను. అప్పన్న లేచాడు. "మా తాతల్ని తిట్టడానికి అంత దూరం నుంచొచ్చినావా బావూ?" జనం గొణిగారు. తప్పు జనానిది కాదు, అరుపుతో పాఠం ఎక్కుతుందనుకున్న నాది.

"అన్నయ్యా, నువ్వు కూర్చో" అని సరోజ బొమ్మ అందుకుంది. అప్పన్న భార్య నూకాలుని పిలిచి, తల మీద గంప పెట్టించి, ఆమె వీపు పక్కన బొమ్మ నిలబెట్టింది. మెడ దగ్గరో వంపు, నడుం దగ్గరో వంపు, రెండింటికీ ఒకే తీరు. "ఈ వంపుల వల్లే తల మీది బరువు తిన్నగా కాళ్లలోకి దిగుతుంది. పెద్దాయనా, ఇప్పుడు మీరు నాలుగు కాళ్ల మీద వంగండి. గంప మీ తల మీద పెడతాను."

"పెట్టమ్మా!" అంది నూకాలు. "నాను రోజూ మోస్తన్నాను. ఈ మడిసి ఒక్కపాలి మొయ్యాల."

"ఓలమ్మో, మెడిరిగిపోద్ది!" అన్నాడు అప్పన్న.

"అదేనండీ పాఠం" అంది సరోజ.

ఊరు గొల్లున నవ్వింది. నూకాలు గంప దించలేదు. "ఏ కోతి మోత్తాది దీన్ని? టీచరమ్మ మన గొప్పే కదేటి సెప్తంది! రేపు మన మనవరాలు బడికెల్లాల."

అప్పన్నకి నవ్వాగలేదు. "ఎల్లమను. అందరూ ఎల్లండి" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆడపిల్లలంతా బల్లల మీద ఉన్నారు. బొమ్మ ఎవరి పక్కన నిలబడాలో వాళ్లలో వాళ్లే పోట్లాడుకున్నారు. నడుం నొప్పులు ఈ నిలువు నడకకి మనం కట్టే సుంకమే. కానీ లేచి నిలబడ్డ జాతిని పట్టుకుని తల వంచుకోమనే వాళ్లతో నా పోట్లాట ఆగదు. కాకపోతే ఇకమీద మొదటి మాట మా చెల్లెలిది.

ఆ కొండ దారిన వెళ్లేవాళ్లు సంచి చేతికి వేలాడదీయకండి, వీపుకి దగ్గరగా కట్టుకోండి. నా ఎడమ భుజం ఇంకా లాగుతోంది.