సుగుణ మేడమ్ తాళాల గుత్తి

మొన్న ఓపీలో ఎవరిదో తాళాల గుత్తి ఘల్లున గచ్చు మీద పడింది. రాస్తున్న మందుల చీటీ వదిలేసి చటుక్కున తల తిప్పాను. ఎదురుగా కూర్చున్న పేషెంటు కంగారుపడ్డాడు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుందని, సుగుణ మేడమ్ వచ్చి వెనక నిలబడ్డట్టే ఉంటుందని ఆయనకేం తెలుసు!

పదేళ్ల కిందట శ్రీకాకుళంలో ఒక చిన్న ఆసుపత్రికి ఆవిడ పెద్ద డాక్టరు. ఎంబీబీఎస్ పూర్తిచేసి, పుస్తకమంతా నోటికొచ్చునన్న పొగరుతో నేను ఆవిడ దగ్గర చేరాను. ఆవిడ వస్తున్నారని నడుముకు దోపుకున్న తాళాలు ముందే చెప్పేవి. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. ఒసే అంటే నేనే.

మంచి ఎండల్లో కళింగపట్నం నుంచి, సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి ఒకాయన, ఏడేళ్ల కూతురు రాజీని భుజాన వేసుకొచ్చాడు. జ్వరం, వాంతులు, మగత. ఎండదెబ్బే అన్నాడు. నేనూ తలూపి సెలైను పెట్టమన్నాను. అంతలో మేడమ్ వచ్చి కిటికీ తెరిచారు. వెలుతురు పడగానే పిల్ల మూలిగి, కళ్లు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది. మేడమ్ మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద చెయ్యి వేసి లేపబోయారు. మెడ వంగలేదు. కర్రలా బిగుసుకుపోయి ఉంది. తలతోపాటే మోకాళ్లు రెండూ పైకి ముడుచుకున్నాయి. పుస్తకంలో బొమ్మగా చూసినది నా కళ్లెదుట! మెనింజైటిస్, మెదడు పొరల వాపు. స్కాన్ చేయిద్దామా, పరీక్షలు రానిద్దామా అని గబగబా అడిగాను.

“ఒసే, ముందు మందెట్టు. పేరు తరవాత ఎట్టుకుందాం,” అన్నారు.

ఆ గంట నాకు పండగలా గడిచిందంటే వినడానికి బాగుండదు గానీ, నిజం అదే. రక్తం తీశాం. వినికిడి పోకుండా స్టెరాయిడ్, ఆ వెంటనే నరంలోకి యాంటీబయాటిక్. ఫిట్సు వస్తే ఇవ్వడానికి ఇంజెక్షనూ, ఆక్సిజనూ మంచం పక్కనే. కళ్లలోకి లైటు వేసి, మెదడులో ఒత్తిడి పెరగలేదని చూసుకున్నాక, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపవచ్చని మేడమ్ తేల్చారు. తండ్రి అడ్డుపడ్డాడు. నడుంలో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని వాళ్లూళ్లో అనుకుంటారట. మేడమ్ విసుక్కోలేదు. పిల్లకు చెవిలో చీము గానీ కారుతోందా అని అడిగారు. చాన్నాళ్లుగా కారుతోందనీ, కొబ్బరినూనె పోస్తున్నామనీ చెప్పాడు.

“ఆ సీమే మెదడు మీద పొరకి పాకినట్టున్నాది. కాళ్లకేటీ అవదు, నాదీ పూచీ. ఏ పురుగో తెలిస్తే దానికి తగ్గ మందేస్తాను. ఆలీసమైతే పిల్ల దక్కదు. దక్కినా సెవుడొస్తాది.”

ఆయన పక్కకు తప్పుకున్నాడు. తేటగా రావలసిన వెన్నులోని నీరు బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది.

కొన్నాళ్లకు రాజీ పూర్తిగా తెలివిలోకి వచ్చి గంజి తాగింది. సంతోషం పట్టలేక గంతులేస్తున్న నన్ను మేడమ్ కసిరి, పిల్ల వెనక్కి వెళ్లి తాళాలు ఆడించారు. రాజీ తిరగలేదు. ఇంకాస్త గట్టిగా ఆడించారు. అప్పుడూ తిరగలేదు. తండ్రి ముఖం పాలిపోయింది. మేడమ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

“ఏటది, ఊరికే వాయిస్తన్నారు?” అంది రాజీ, గోడకేసి చూస్తూనే. “ఇనపడతంది. మెడ తిరగట్లేదు. తాళాలే కదా.”

బిగుసుకున్న మెడను పట్టి జబ్బు పోల్చుకున్న మేమే ఆ మెడ సంగతి మరిచిపోయాం. మేడమ్ మంచం మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ తండ్రీ, నేనూ కూడా అంతే.

ఇప్పుడు నా వార్డులో ఆ జబ్బు నుంచి కోలుకునే పిల్లల వెనక నేనూ తాళాలు ఆడిస్తాను. తల తిప్పుతారేమోనని మాత్రం చూడను. ఏం వినపడిందో చెప్పమంటాను. చెప్పేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను.