తిరుగుదారి లేని ఆట

మా ఆయనకు ఫోనులో ఆటలంటే చిరాకు. అలాంటి మనిషి చేతిలో మా అమ్మాయి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక బలవంతంగా ఫోను పెట్టింది. పావుగంట ఆట. తెర మీద ఒక కుర్రవాడు రోడ్డు వెంట నడుస్తుంటాడు. ఇళ్ళ ముందు మనుషులు నిలబడి ఉంటారు. తెర మీద వేలు పెడితే ఆగి వాళ్ళ పక్కన కూర్చుంటాడు, తీస్తే మళ్ళీ నడుస్తాడు. నడిచేకొద్దీ జుట్టు నెరుస్తుంది, నడుం వంగుతుంది. అంతే.

ఈయన ఎక్కడా వేలు పెట్టలేదు. అదేమని అడిగితే, ముందు చివరిదాకా పోయి, వచ్చేటప్పుడు అందరి దగ్గరా ఆగుతానన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా కోట మండలంలో రొయ్యల గుంటలున్న వాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. గుంటకు పోయేటప్పుడు పాస్టరు గారు చెయ్యెత్తినా బండి ఆపరు. రొయ్యలకు మేత వేళ తప్పకూడదు. పలకరింపులూ, టీలూ, పరామర్శలూ అన్నీ వచ్చేటప్పుడే.

తెరలో ముసలివాడు రోడ్డు చివర కూలబడ్డాడు. తెర నల్లబడింది. ఈయన వేలితో వెనక్కి లాగాడు, మళ్ళీ లాగాడు.

"తిరిగొచ్చే దారి పెట్టలేదేందే ఇందులో?" అన్నాడు కూతురితో.

లేదు నాన్నా, ఆట అంతే అంది అది. పనికిమాలిన ఆటని తిట్టి, ఫోను మంచం మీద పడేసి, అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. నా నవ్వు ఆగిపోయింది. ఆయన మనసు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.

గుంటల దారిలోనే మా వదిన, అంటే ఆయన సొంత అక్క ఇల్లు. తల్లి పోయాక ఈయన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. మంచాన పడిందని తెలిసినా ఈయన గడప తొక్కలేదు. పోయేటప్పుడు మేత వేళ. వచ్చేటప్పుడు ఒంటి నిండా బురద, నీచు వాసన. రొయ్యలు పట్టాక చూద్దాంలే అనేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె తమ్ముడేడని అడిగేది. లోపల మండిపోతున్నా ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చాను. ఈ మధ్య ఆమె నన్నే పోల్చుకోవడం లేదు. ఆ సంగతి ఈయనకు చెబితే వినీ విననట్టు ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున నన్ను బండి ఎక్కమన్నాడు. పోయేటప్పుడే, మేతకు ముందే, ఆ ఇంటి దగ్గర బండి ఆపాడు. వదిన ఈయన్ని తేరిపార చూసి, కూర్చోమని మంచం చూపించింది.

"మా తమ్ముడు గూడా ఈ దార్నే గుంటకు పోతాడు. నీకేమన్నా కనపడినాడా నాయనా?" అని అడిగింది.

ఈయన తల దించుకున్నాడు. కనపడ్డాడనీ, వస్తానని చెప్పమన్నాడనీ అన్నాడు. ఆమె ముఖం విప్పారింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

ఇప్పుడు రోజూ ఆగుతున్నాడు. ఆమె కాళ్ళు పిసుకుతాడు, బన్ను టీలో ముంచి తినిపిస్తాడు. ఆమె రోజూ తమ్ముడి గురించి అడుగుతుంది. ఈయన రోజూ వస్తాడనే చెబుతాడు. మొన్న ఉండబట్టలేక, బయటికి వచ్చాక నిలదీశాను, ఆ తమ్ముణ్ణి నేనేనని ఒక్కసారి చెబితే నీ సొమ్మేం పోయిందని.

బండి సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఇప్పుడైతే తమ్ముడొస్తాడని ఎదురుచూస్తా ఉండాది. నేనేనని చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదురా అని అడగద్ది" అన్నాడు.